ఉత్తరం వచ్చింది

ఫిబ్రవరి 24

కుసుమ నిన్న తేల్చి చెప్పేసింది. "మీ చిరాకంతా నా చెవిలో పొయ్యకండి. బ్యాంకు వాళ్ళిచ్చిన డైరీ ఖాళీగా పడుంది, అందులో రాసుకోండి" అంది. సరే, రాత్తన్నాను. డైరీ అయితే మధ్యలో లేచి వంటింట్లోకి పోదు.

ఇవాళ రాంచీలో బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయి. అంటే నెలరోజులు నా ప్రాణం తీయడం మొదలైనట్టే. మా విధాయక్ జీకి, అంటే మా ఎమ్మెల్యేకి, ఒక మంచి అలవాటుంది, ఒప్పుకోవాలి. సభలో ఏ బిల్లు వచ్చింది, బడ్జెట్లో మన వైపుకి ఏటొచ్చింది, తనేం అడిగాడు, మంత్రి ఏం చెప్పాడు, అంతా కాగితం మీద అచ్చేయించి ఇంటింటికీ పంపిత్తాడు. హిందీ, బంగ్లా, ఒడియా, తెలుగు. ఆ తెలుగు నాది. 'సభలో మీ మాట' అని పేరు కూడా నేనే పెట్టాను. బాగుందని ఒక్కడూ అన్న పాపాన పోలేదు.

ముప్పై ఆరేళ్ళు టాటానగర్ పార్సెల్ ఆఫీసులో చేశాను. అక్కడ బుట్ట మీద చీటీ తప్పు రాత్తే మామిడిపళ్ళు బిలాస్‌పూర్ పోయి కుళ్ళిపోతాయి. ఈ సీతారామరావు రాసిన చీటీ మీద ఒక్క బుట్ట కూడా తప్పు ఊరికి పోలేదు. గొప్పకి రాత్తన్నది కాదు, ఉన్న మాట.

సాయంత్రం విధాయక్ జీ పీఏ బలరామ్ ఫోన్ చేశాడు. ఈసారి మా నాలా మీద కట్టాల్సిన పులియా, అంటే చిన్న వంతెన, దాని గురించి ప్రశ్న వేత్తారట. నక్షత్రం గుర్తున్న ప్రశ్న, అంటే మంత్రి లేచి నిలబడి నోటితో చెప్పాల్సిందే. చెప్పులేసుకుని వెళ్ళి ఇడ్లీ కొట్టు దాలమ్మప్పకి చెప్పొచ్చాను. ఇడ్లీపిండి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఈపాలి అవుతాదంటావా బావూ?" అని అడిగింది. నాకేటి తెలుసు? అవుతాదన్నాను.

ఫిబ్రవరి 27

దాలమ్మప్ప గురించి రాయకపోతే ఈ పులియా గొడవ నాకే అర్థం కాదు.

బస్తీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య నాలా. దాని మీద పాత రైలు స్లీపర్లు నాలుగు వేసి ఉన్నాయి, అదే మా వంతెన. వానొత్తే అవి మునిగిపోతాయి. పోయిన ఆగస్టులో దాలమ్మప్ప మొగుడు అసిరయ్యకి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ వచ్చింది, ఇరవై అడుగుల దూరంలో, నాలాకి అవతల నిలబడింది. లైటు తిరుగుతా ఉంది. ఇటు మేం మంచం మీద ఆయన్ని మోసుకుని భాలుబాసా వెనకంతా చుట్టు తిరిగి వెళ్ళేసరికి ముప్పావుగంట. మంచానికి ఒక కోడు దగ్గర నేనూ ఉన్నాను. దారిలోనే అయిపోయింది.

అప్పట్నుంచి ఆవిడకి ఒకటే మాట. పులియా.

చలికాలం సమావేశాల్లో ఒకసారి అడిగారు. ఆక్రమణలు అడ్డం ఉన్నాయని రాసి పంపింది ప్రభుత్వం. తర్వాత జనవరిలో జేఈ, అదే జూనియర్ ఇంజనీరు, వచ్చి కొలిచి, దాలమ్మప్ప ఇడ్లీ కొట్టు పక్కగోడ మీద ఎర్ర పెయింటుతో ఒక గీత గీసి పోయాడు. గీతకి ముందున్న నాలుగడుగులూ పోవాలట. నేను ఆ 'ఆక్రమణలు' అన్న మాట తెలుగులో శుభ్రంగా రాశాను. పక్కింటి పైడితల్లి చదివి వినిపిత్తే దాలమ్మప్ప రెండు రోజులు కొట్టు తియ్యలేదు. "నా గోడే అడ్డమేటి? నా మొగుడికి నానే అడ్డమేటి?" అని ఏడిచింది. నేను రాసింది అక్షరాలా నిజం. అయినా ఆవిడ వైపు రెండు వారాలు పోలేదు.

మార్చి 1

శూన్యకాల్. హిందీ కాగితంలో ఇరవైసార్లు ఉంది. 'శూన్యకాలంలో మన విధాయకులు ఆసుపత్రి విషయం లేవనెత్తారు' అని రాసి కుసుమకి వినిపించాను. కూరగాయలు తరుగుతా తల కూడా ఎత్తలేదు. "శూన్యంలో ఎవరైనా మంచిపని మొదలెడతారేటండీ? మంచి మాసం చూసి అడగమనండి" అంది.

శూన్యమాసం కాదే, జీరో అవర్ అని అరిచాను. "మరలాగే రాయొచ్చుగా" అంది.

జీరో అవర్ అనే రాశాను. ఆవిడ చెప్పిందని కాదు.

మార్చి 5

సాక్చీ మార్కెట్ దగ్గర బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పితే నా వాక్యం. 'వృద్ధాప్య పింఛను సవరణ బిల్లులోని ముఖ్యాంశాలు.' నూనెలో నానిపోయి ఉంది. బజ్జీలు మాత్రం బాగున్నాయి.

మార్చి 7

మా అమ్మాయి నవ్య ఆదిత్యపూర్ నుంచి వచ్చింది, కంపెనీకి సెలవట. కాగితం చూపించాను. "పాపా, యే కౌన్ పఢ్తా హై?" అంది. ఎవరు చదువుతారా? నువ్వు చదవ్వు, అది చెప్పు. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబిత్తాది, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. నా ఇంట్లోనే నా మాటకి అనువాదం కావాలి. ఇక బస్తీని ఏమనుకోను?

మార్చి 12

ఒళ్ళు మండిపోతోంది. ఎల్లుండి హోలీ, రేపట్నుంచి ప్రెస్సు మూత. బలరామ్ రెండింటికి హిందీ కాగితం పంపి నాలుగింటికల్లా తెలుగు కావాలన్నాడు. ఎనిమిది పేజీలు! నేనేమైనా మిషన్నా?

మా పులియా ప్రశ్న నిన్న సభకి వచ్చింది. మంత్రి లేచి చెప్పాడట. ఆఖరి పేజీలో వేశారు. గబగబా రాసి పంపాను. మూడున్నరకి మళ్ళీ ఫోన్. "అంకల్జీ, తెలుగు లంబా హో గయా. తీన్ లైన్ కాటియే." తెలుగు పొడుగైపోయిందట, మూడు లైన్లు కొయ్యాలట. విధాయక్ జీ ఫోటో ఉంది కదా, అది కొంచెం చిన్నది చెయ్యరా నాయనా అన్నాను. నవ్వాడు. ఫోటో చిన్నదవ్వదు.

కోసేశాను. మంత్రి చెప్పిన వివరమంతా తీసేసి, ఉన్నంతలో సరిపెట్టాను. అచ్చులో ఇలా వత్తాది:

'నాలా పులియా విషయమై మన విధాయకులు అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. వివరాలు వచ్చే సంచికలో.'

నాలుగింటికి రెండు నిమిషాల ముందు పంపాను. పార్సెల్ ఆఫీసు అలవాటు.

మార్చి 16

ఏమైందో తెలీదు గానీ ఇవాళ బస్తీలో నేనే పెళ్ళికొడుకుని. హోలీకి పంచారట కాగితాలు. పైడితల్లి ఎదురొచ్చి నోట్లో లడ్డూ కుక్కింది. "మీరు రాసింది సదివినాం బావుగారూ, అందరికీ గట్టిగా సదివి ఇనిపించినాను" అంది. టైలరు లేచి నిలబడి దండం పెట్టాడు. ఏడేళ్ళ నుంచి రాత్తన్నాను, ఇన్నాళ్ళకి చదివారు!

నాకు గర్వంగానే ఉంది. రాసుకోవడానికి సిగ్గేటి, ఇది నా డైరీ. ఇంటికొచ్చి కుసుమకి చెప్పాను. "ఏం రాశారేటి అంత బాగా?" అంది. ఏమోలే, రాశాను.

మార్చి 17

పొద్దున్న ఇడ్లీకి వెళ్ళాను. దాలమ్మప్ప కొట్టుకి ముందు గోడ లేదు.

అరుగు లేదు. రేకు లేదు. పక్కగోడలు కూడా ఎర్ర గీత దాకా పడగొట్టేసి ఉన్నాయి, గీత మాత్రం చెక్కుచెదరకుండా అంచున మిగిలింది. ఇటుకలన్నీ దొంతి పెట్టి ఉన్నాయి. మిగిలిన గదిలో పొయ్యీ మనిషీ ఇరుక్కుని, పైన నీలం టార్పాలిన్. ఎండ తిన్నగా ఆవిడ మొహం మీద కొడతంది.

"ఎవరొచ్చి పడగొట్టారు అప్పా?" అన్నాను.

"ఎవుళూ రానేదు. నానే పడగొట్టించినాను, నిన్న ఇద్దర్ని పెట్టి. ఉత్తరం వచ్చినాది కదేటి బావూ? గవుర్మెంటోలు రేపో ఎల్లుండో పనికొత్తే, గోడ అడ్డమున్నాదని ఎనక్కెలిపోతారు. ఈపాలి ఆ మాట రానీను." చేతులు కొంగుకి తుడుచుకుంది. "నువ్వే కదేటి రాసినావు, ఉత్తరం వచ్చినాదని?"

ఉత్తరం.

నేను ఇడ్లీ తినలేదు. కడుపు బాలేదని వచ్చేశాను.

మార్చి 18

ప్రశ్నోత్తరాలు అనమా? ప్రశ్న, ఉత్తరం. ప్రశ్న అడిగారు, ఉత్తరం వచ్చింది. పెద్ద బాలశిక్ష చదివిన ఎవడైనా ఒప్పుకుంటాడు. హిందీలోనూ ఉత్తర్ అంటే అదే. తప్పెక్కడుంది?

మార్చి 18, సాయంత్రం

తప్పు బలరామ్‌ది. మూడు లైన్లు కొయ్యమన్నది వాడు. ఆ మూడు లైన్లుంటే ఎవరికీ ఏ అనుమానమూ రాకపోను. మంత్రి చెప్పిన మాట అందులో ఉంది. 'మామ్‌లా విచారాధీన్ హై.' విషయం ఆలోచనలో ఉంది. అంతే చెప్పాడు ఆయన. మంజూరు లేదు, తారీఖు లేదు, ఉత్తరమూ లేదు.

మార్చి 19

ఆటో ఎక్కి విధాయక్ జీ ఆఫీసుకి వెళ్ళాను. బలరామ్‌కి విషయం చెప్పాను. మనవాళ్ళు జవాబుని ఉత్తరం అనుకున్నారు, లెటర్ అనుకున్నారు, సవరణ వెయ్యాలి, ఒక్క లైను చాలు అన్నాను. 'అనుకున్నారు' అనే అన్నాను, 'నేను రాశాను' అనలేదు.

వాడు ఫోన్ నుంచి తలెత్తకుండా విన్నాడు. తర్వాత వాడు అన్నది తెలుగులో పెడితే ఇది: "అంకల్జీ, మీ తెలుగు బస్తీ మొదటిసారి సంతోషంగా ఉంది. ఆదివారం విధాయక్ జీకి సన్మానం చేత్తామని మీ సంఘం వాళ్ళే ఫోన్ చేశారు. ఇప్పుడు సవరణెందుకు? పనైతే ఎలాగూ ఒక రోజు అవుతాది."

సన్మానమా! ఎవరు చేత్తన్నారు? నాకు తెలీకుండా? తీరా చూత్తే మైకులో విధాయక్ జీ మాటల్ని తెలుగు చెయ్యడానికి నా పేరే రాసుకున్నారు.

మార్చి 20

చెప్పడానికి వెళ్ళాను. కొట్టు దగ్గర జనం ఉన్నారు. చెప్పలేదు.

మార్చి 21

చెప్పలేదు. ఎండ ముప్పై ఎనిమిది. టార్పాలిన్ కింద పిండి పులిసిపోతందట, పది గంటలకే కొట్టు కట్టేత్తంది.

మార్చి 23, ఆదివారం

సన్మానం అయింది. బాగానే జరిగింది. తలనొప్పిగా ఉంది.

మార్చి 24

ఏమీ లేదు.

మార్చి 25

కుసుమ నాతో మాట్లాడి రెండు రోజులైంది. కంచం పెడుతోంది, తీసేత్తంది. చిరాకొచ్చి "ఏటయ్యిందే?" అని అరిచాను. గిన్నె కడుగుతా అటు తిరిగే చెప్పింది. "నేనూ హాల్లోనే ఉన్నాను. నాకు తెలుగూ వచ్చు, హిందీ కూడా వచ్చు. ఆవిడేం అడిగిందో విన్నాను, మీరేం చెప్పారో విన్నాను."

కాబట్టి రాత్తాను. ఎవరు చదువుతారు గనక.

హాలు నిండిపోయింది. విధాయక్ జీ మంచిగానే మాట్లాడాడు, మనిషి చెడ్డవాడు కాదు. సభలో మీ గొంతు వినిపించాను, ఉత్తర్ వచ్చింది, వెంట పడతాను అన్నాడు. నేను మైకులో చెప్పాను. అదే మాట మళ్ళీ వచ్చింది నా నోటికి, ఉత్తరం అని. నాలుక మార్చుకోలేదు. చప్పట్లు.

అప్పుడు దాలమ్మప్ప లేచి స్టేజీ దగ్గరికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో బంతిపూల దండ. దండ వెయ్యడం అయ్యాక దండం పెట్టి అడిగింది. "ఆ ఉత్తరం ఓపాలి సూపించు బావూ. నాకు సదువు రాదు. కళ్ళతో సూసుకుంటాను. మా ఆయన పటం కాడ ఓ పూట పెట్టి మల్లీ ఇచ్చేత్తాను."

విధాయక్ జీ నా వైపు తిరిగాడు. "మాతాజీ క్యా కహ్ రహీ హైఁ?" ఈ అమ్మ ఏమంటోంది అని.

మధ్యలో నేను. అటు ఆయనకి తెలుగు రాదు, ఇటు ఆవిడకి ఆ హిందీ అందదు. నేను ఏం చెబితే అదే ఇద్దరికీ నిజం. ముప్పై ఆరేళ్ళలో ఒక్క చీటీ తప్పు రాయలేదని గొప్పలు పోయిన వెధవని, ఆ క్షణంలో రెండు తప్పు చీటీలు అంటించాను. ఆయనతో, "ఆశీర్వాద్ దే రహీ హైఁ" అన్నాను. మిమ్మల్ని దీవిత్తందండీ అని. ఆయన చటుక్కున వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. ఆవిడతో, "ఉత్తరం రాంచీలో ఉందట అప్పా, తెప్పిత్తారట" అన్నాను.

ఆవిడ ఏడిచింది. సంతోషంతో ఏడిచింది. నాకు వెయ్యి చెప్పుదెబ్బలు తిన్నట్టుంది.

మార్చి 26

బలరామ్‌ది తప్పు కాదు. మూడు లైన్లు కొయ్యమన్నాడు గానీ, ఏ మూడు కొయ్యాలో ఎంచింది నేను. ఆ సంచికలోనే పింఛను బిల్లు గురించి నేను రాసిన ఉపోద్ఘాతం ఉంది, అది కొయ్యొచ్చు. అందులో వాక్యం బాగా కుదిరిందని ఉంచేశాను.

ఇది కుసుమకి కూడా చెప్పలేదు.

మార్చి 27

చెప్పేశాను.

పదకొండున్నరకి వెళ్ళాను, బేరం అయిపోయాక. ఆవిడ గిన్నెలు తోముతోంది. హిందీ కాగితం పట్టుకెళ్ళాను, ఎందుకో, సాక్ష్యంలాగ. "అప్పా, ఉత్తరం రాలేదు" అన్నాను. "వత్తాదిలే బావూ, రాంచీ దూరం కదేటి" అంది. అది కాదు, అసలు ఉత్తరమే లేదు, నేను జవాబు అని రాయాల్సిన చోట ఉత్తరం అని రాశాను, మంత్రి నోటితో ఒక మాట చెప్పి కూర్చున్నాడు అంతే, అని మొత్తం చెప్పాను. రాంచీలో ఉందన్నది కూడా అబద్ధమని చెప్పాను.

పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏటి సెప్పినాడు మరి ఆ మంత్రి?"

"విచారాధీన్ అన్నాడు."

"అంటే?"

"విచార్‌లో ఉందని."

"విచారంలో ఉన్నాదా?" అంది. నవ్విందో ఏడిచిందో నాకు తెలీలేదు. "ఆలికేటి విచారం బావూ? మొగుడు పోయింది నాకు. గోడ పోయింది నాకు. నానుండాల విచారంలోన."

హిందీలో విచార్ అంటే ఆలోచన అని చెప్పబోయాను. సిగ్గులేని నాలుక. మూసుకున్నాను.

తర్వాత ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాత్తాను, ఒక్క అక్షరం మార్చను. "ఆ విదాయకు సెప్తే నాను నమ్మేదాన్ని కాను. ఓట్లకోసం వందమంది వంద సెప్తారు. నువ్వు రాసినావని నమ్మినాను. మా ఆయన మంచం మోసినోడివి, నువ్వు రాసినావని గోడ తీసీసినాను."

నన్ను పొమ్మనలేదు. నేనే వచ్చేశాను.

మార్చి 28

సభ ముగిసింది. పులియా మాట మళ్ళీ రాలేదు. ఆఖరి సంచికలో సవరణ వెయ్యమని బలరామ్‌ని అడిగాను, ఈసారి 'నా తప్పు' అన్న మాటతో సహా. స్థలం లేదన్నాడు. పైగా వచ్చే సమావేశాల నుంచి నాకు శ్రమ ఉండదట, ఫోన్లోనే తెలుగు వచ్చేత్తాదట, నొక్కితే చాలట. నొక్కుకో నాయనా. ఆ ఫోన్ నీకు ఏ రోజు ఏ మంచం మోసిందో కనుక్కో.

మార్చి 30

సొంతంగా రాశాను, చేత్తో, పెద్దక్షరాలతో. 'పన్నెండో తారీఖు కాగితంలో ఉత్తరం వచ్చింది అని రాసినది తప్పు. ఉత్తరం రాలేదు. పులియా మంజూరు కాలేదు. ఆలోచిత్తన్నాం అని మాత్రమే మంత్రి చెప్పారు. తప్పు రాసినది నేను. సీతారామరావు, పార్సెల్ ఆఫీసు (రిటైర్డ్).' రెండొందల జిరాక్సులు తీయించాను. కుసుమ పిండి ఉడకబెట్టి జిగురు చేసి ఇచ్చింది. మాట్లాడలేదు గానీ, నాతో పాటు వచ్చి అంటించింది.

ఏప్రిల్ 1

అందరూ చదివారు. చదవరు చదవరని ఏడేళ్ళు ఏడిచాను కదా, ఇప్పుడు బస్తీలో ఒక్క గోడ దగ్గర కూడా జనం లేకుండా లేదు. ఏప్రిల్ ఫూల్ అని కొందరనుకున్నారు. టైలరు నన్ను చూసి కుట్టుమిషన్ చప్పుడు పెంచాడు. పైడితల్లి అడ్డంగా నిలబడి, "నా లడ్డూ ఎలగ తిరిగిత్తారు?" అంది. నిజంగా అడిగింది.

ఏప్రిల్ 4

దాలమ్మప్ప కబురు పెట్టింది. రేపు శనివారం విధాయక్ జీ ఆఫీసులో జనం మాట వినే రోజు. "రమ్మను ఆ రాసిన బావుని. నాను సెప్పింది సెప్పినట్టు సెప్పాల. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క కొయ్యకూడదు" అని పైడితల్లి చేత చెప్పించింది.

ఏప్రిల్ 5

వెళ్ళాం. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే ఒంటిగంటకి పిలుపొచ్చింది. బలరామ్ నన్ను చూసి మొహం చిట్లించాడు.

ఆవిడ నిలబడే మాట్లాడింది. నేను పక్కన నిలబడి హిందీలో చెప్పాను. ముందు ఆవిడ అన్నది: "ఈ బావు ఆ రోజు అబద్దం సెప్పినాడు. నాను దీవించనేదు. ఉత్తరం అడిగినాను." చెప్పాను. హిందీలో 'ఈ బాబు అబద్ధం చెప్పాడు' అని నా నోటితో నేనే, అందరి ముందూ. విధాయక్ జీ నా మొహం చూశాడు, చూసి కళ్ళు తిప్పేసుకున్నాడు.

"నా గోడ పోయినాది. జేఈ గీసిన గీత దాకా తీసీసినాను. ఇంక అడ్డం ఏటీ నేదు. మల్లీ కట్టను. కడితే అడ్డమున్నాదంటారు. వానలకి రెండు నెలలున్నాయి. మీ మంత్రికి విచారం ఎన్నాల్లుంటాదో అడిగి సెప్పండి. నాది అయితే సచ్చినదాకా ఉంటాది."

ఆ ఆఖరి మాట దగ్గర తడబడ్డాను. విచారానికి హిందీలో దుఃఖ్ అనాలా, విచార్ అనాలా? రెండూ చెప్పాను. మా తెలుగులో రెండిటికీ ఒకటే మాటండీ అని చెప్పాను. ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. తర్వాత లెటర్‌ప్యాడ్ లాగి అక్కడికక్కడే శాఖకి ఒక లేఖ రాశాడు. ఆక్రమణ తొలగిపోయింది, వానలకి ముందే పని మొదలుపెట్టాలి అని. సంతకం, స్టాంపు. ఒక కాపీ ఆవిడకి ఇచ్చాడు.

బయటికొచ్చాక ఎండలో నిలబడి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఉత్తరమా, జవాబా?"

"ఉత్తరమే అప్పా. జవాబు రాలేదు."

"మరి ఆ మాట రాయి. ఇయ్యాల్టి నుంచి రోజూ రాయి. అందరికీ కనబడాల."

ఏప్రిల్ 6

బొగ్గుముక్క తనే ఇచ్చింది. మిగిలిన పక్కగోడ మీద, ఎర్ర గీత పక్కన రాశాను. 'జవాబు రాలేదు. 6 ఏప్రిల్.' విధాయక్ జీ కాగితంలా ఎనిమిది పేజీలు లేవు. బిల్లులు లేవు, ఫోటో లేదు.

ఏప్రిల్ 7

తారీఖు మార్చాను.

ఏప్రిల్ 19

తారీఖు మార్చాను. నవ్య వచ్చింది, గోడ దగ్గరికి నాతో వచ్చి నిలబడింది. "జ-వా-బు" అని కూడబలుక్కుని చదివింది. "రా-లే-దు. బస్, ఇత్నా హీ?" అంది. ఇంతేనా అని. అవునమ్మా, ఇంతే.

దాలమ్మప్ప ఇవాళ నాకు ఇడ్లీ పెట్టింది. రెండు. చట్నీ వెయ్యలేదు.

మే 11

తారీఖు మార్చాను. బలరామ్ ఫోన్ చేశాడు. గోడ మీద రాతకి ఎవరో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారట, విధాయక్ జీకి ఇబ్బందిగా ఉందట, చెరిపెయ్యమన్నాడు. శాఖ నుంచి జవాబు తెప్పించండి, నిమిషంలో చెరిపేత్తాను అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

జూన్ 15

తొలివాన. పొద్దున్న నాలుగింటి నుంచి దంచి కొట్టింది. స్లీపర్ల మీదికి నీళ్ళొచ్చేశాయి. టార్పాలిన్ ఒక పక్క ఊడిపోతే నేనూ కుసుమా చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం, ఆవిడ పొయ్యి ఆరిపోకుండా.

బొగ్గుతో రాసింది మొత్తం కారిపోయింది. జేఈ ఎర్ర గీత మాత్రం అలాగే ఉంది. గొడుగేసుకుని చుట్టు తిరిగి మెయిన్ రోడ్డుకి వెళ్ళి, అదే రంగు పెయింటు చిన్న డబ్బా ఒకటి, కుంచె ఒకటి కొనుక్కొచ్చాను. వాన తెరిపిచ్చాక తడి గోడ తుడిచి రాశాను.

'జవాబు రాలేదు.'

తారీఖు మాత్రం బొగ్గుతోనే రాశాను. అది రోజూ మార్చాలి.